ఎనిమిది గంటల పగలు

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రయాణం పట్టికని నిన్న రాత్రి భోజనాలయ్యాక మీ పెద్దమ్మా నేనూ కూర్చుని చదివాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, నేను పెన్సిలు పట్టుకుని రెండుసార్లు. డిసెంబరు 19న పారిస్‌లో దిగుతారు. అక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వెనిస్, ఆఖరికి రోమ్. 31న తిరుగు విమానం. పన్నెండు రాత్రుల్లో ఎనిమిది ఊళ్ళు. వెళ్ళేది నువ్వు, అల్లుడుగారు, ఏడేళ్ళ చిన్నోడు, మోకాళ్ళ నొప్పులతో బాధపడే మీ అత్తగారు. గళ్ళు గీసి, రంగులు వేసి, గంటలతో సహా రాశావు. ఆఫీసు పని ముగించుకుని ఎన్ని రాత్రులు దీని మీద కూర్చున్నావో తెలుస్తూనే ఉంది. వెంటనే ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో చెప్పిన మాట సగం గాలికి పోతుంది. తీరిక చూసుకుని చదువుకుంటావని రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఆ ఎనిమిదిలో అయిదు ఊళ్ళు కొట్టెయ్యి తల్లీ. బుడాపెస్ట్, వియన్నా, ప్రాగ్ ఉంచుకో. చదివి వెంటనే మనసు కష్టపెట్టుకోకు. ఎందుకంటున్నానో చివరిదాకా విను.

ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో టైమ్‌టేబుళ్ళతో బతికినవాణ్ణి. ఏ పట్టిక చేతికొచ్చినా ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఎంత ఎడముందో ముందు చూస్తాను. నీ పట్టికలో ఆ ఎడం లేదు. అంతకంటే ముఖ్యమైన గడి ఇంకొకటి కూడా లేదు. ఏ ఊళ్ళో ఎప్పుడు తెల్లారుతుందో, ఎప్పుడు పొద్దుగుంకుతుందో నువ్వు రాయలేదు. చలికాలం యూరప్ వెళ్ళేవాళ్ళు అందరికంటే ముందు రాసుకోవాల్సింది అదే.

డిసెంబరు 21న మన బెజవాడలో ఆరున్నర దాటాక తెల్లారి, సాయంత్రం అయిదూ నలభై దాకా వెలుగుంటుంది. పదకొండు గంటల పగలు. అదే రోజు వియన్నాలో సూర్యుడు ఏడూ నలభైకి వచ్చి నాలుగింటికల్లా వెళ్ళిపోతాడు. ప్రాగ్‌లో ఎనిమిదికి వస్తాడు, నాలుగుకే దిగిపోతాడు. బెర్లిన్‌లో ఎనిమిదింపావుకి గానీ రాడు, నాలుగు కొట్టకుండానే మాయం. పారిస్‌లో పొద్దున ఎనిమిదీ నలభై దాకా చీకటే. ఈ ఊళ్ళలో ఎటు చూసినా సుమారు ఎనిమిది గంటల పగలు, అదీ మబ్బు పట్టిన పగలు. మనం ఇక్కడ కూర్చుని ‘ఒక రోజు’ అని రాసేటప్పుడు మన రోజునే మనసులో పెట్టుకుంటాం. అక్కడ డిసెంబరులో దొరికేది దానికి ముప్పాతిక కంటే తక్కువ.

ఇక ఊరు మారే రోజు సంగతి చూడు. పొద్దున్నే పిల్లవాణ్ణి లేపి, తినిపించి, పెట్టెలు సర్ది, గది ఖాళీ చేసేసరికి తొమ్మిదిన్నర. స్టేషనుకి చేరి బండెక్కేసరికి పదిన్నర. నాలుగైదు గంటల ప్రయాణం. దిగి, పెట్టెలు ఈడ్చుకుంటూ కొత్త ఊళ్ళో హోటలు వెతుక్కుని, తాళం చేతికి తీసుకుని, అత్తగారిని కాసేపు నడుం వాల్చమని చెప్పి కిటికీ తెరిస్తే బయట చీకటి. ఎనిమిది ఊళ్ళంటే ఇలాంటి రోజులు ఏడు. పన్నెండు రోజుల్లో ఏడింటిని రైలు కిటికీలకీ హోటలు కౌంటర్లకీ ఇచ్చేసి, మిగిలిన అయిదు పగళ్ళని ఎనిమిది ఊళ్ళకి పంచాలి. నీ పట్టికలో ఎంత వెతికినా ఆ లెక్క తేలడం లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. 2016 డిసెంబరులో మీ అన్నయ్య మ్యూనిక్‌లో పనిచేస్తున్నప్పుడు మేమిద్దరం వెళ్ళాం కదా. వాడికి సెలవు దొరకలేదు. మేమే తిరిగొస్తామని బయల్దేరాం. ప్రాగ్ ఒక రాత్రి, వియన్నా ఒక రాత్రి, వెనిస్ ఒక రాత్రి, రోమ్ రెండు. పట్టిక నేనే వేశాను, ఇప్పుడు నువ్వు వేసినట్టే. మ్యూనిక్ నుంచి ప్రాగ్ దాదాపు ఆరు గంటల ప్రయాణం. దిగేసరికి చీకటి, పైగా వాన. 1357లో కట్టడం మొదలుపెట్టిన చార్లెస్ వంతెన మీదికి గొడుగు వేసుకుని వెళ్ళాం. దానికి రెండువైపులా కలిపి ముప్ఫై విగ్రహాలు. ఆ వానలో మాకు కనిపించినవి నల్లటి ఆకారాలు, కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు, మా చుట్టూ వందల గొడుగులు. మీ పెద్దమ్మ బీసెంట్ రోడ్డులో కొనుక్కున్న బూట్లు తడి రాళ్ళ మీద జారాయి. నా చెయ్యి పట్టుకుని నిలదొక్కుకుంది గానీ మేజోళ్ళు పూర్తిగా తడిసిపోయాయి. మర్నాడు తెల్లారకముందే వియన్నా బండి. చీకట్లో వచ్చి చీకట్లోనే వెళ్ళిపోయాం. ప్రాగ్ పగలు ఎలా ఉంటుందో మీ పెద్దమ్మకి ఈ రోజుకీ తెలియదు. ఇప్పుడు ఆవిడ నడక నీకు తెలుసు, వీధి చివరి గుడికే ఆటో కావాలి. ఇంకోసారి తీసుకెళ్ళే వీలు లేదు. అప్పుడు ఆ ఒక్క రాత్రికి ఇంకో రెండు రాత్రులు కలపడానికి నాకు అడ్డేమీ లేదు. రోమ్ పేరు కూడా జాబితాలో ఉండాలన్న పంతం తప్ప.

వియన్నా చేరేసరికి ఆవిడకి జ్వరం. డాక్టరు మూడు రోజులు ఊరు కదలొద్దన్నాడు. వెనిస్ టికెట్లు డబ్బు వెనక్కి రానివి, పోయాయి. రోమ్ కూడా పోయింది. ఒక రాత్రి అనుకున్న వియన్నాలో నాలుగు రాత్రులున్నాం. మొదటి రోజు గదిలో కూర్చుని నేను బాధపడ్డ మాట నిజం. రెండో రోజు జ్వరం తగ్గింది. అక్కణ్ణుంచి చెబుతాను విను, ఎందుకంటే మేం యూరప్ చూశాం అనుకోగలిగింది ఆ రెండున్నర రోజులే.

వీధి మూలన ఒక రొట్టెల దుకాణం. పొద్దున ఏడున్నరకి బయట ఇంకా చీకటి, లోపల పచ్చటి దీపాలు. గుండ్రంగా, పైన నక్షత్రంలా గాట్లు పెట్టిన రొట్టెల్ని అక్కడ సెమ్మెల్ అంటారు. మొదటి రోజు వేలితో చూపించి కొన్నాను. మూడో రోజు నేను తలుపు తోసేసరికే ఆ దుకాణం ఆవిడ రెండు తీసి సంచిలో వేసి పెట్టింది. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. ఆ సంచి గదికి తెచ్చి చెబితే మీ పెద్దమ్మ ముఖం విప్పారింది. ఊరు ఊరంతా మనల్ని గుర్తుపట్టినట్టుందండీ అంది.

మధ్యాహ్నం ఒక కాఫీ హౌసులో కూర్చున్నాం. మెలాంజ్ అని అడిగితే పాలనురగతో కాఫీ ఇస్తారు. అది వచ్చే తీరు చూడాలి. చిన్న లోహపు పళ్ళెంలో కప్పు, పక్కన గ్లాసుడు మంచినీళ్ళు, ఆ గ్లాసు మీద బోర్లించి పెట్టిన చెంచా. నీళ్ళు అయిపోతే అడక్కుండానే మళ్ళీ తెచ్చి పెట్టారు. ఒక్క కాఫీ తాగి రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. ఆ ఊరి కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, 1873లో వేసిన గొట్టపు మార్గం ఇంకా పనిచేస్తోంది. సీసాలు కొనకు, కుళాయి దగ్గర నింపుకో.

అక్కడి కళల మ్యూజియం పేరు కొంచెం పొడుగు, కున్‌స్ట్‌హిస్టోరిషెస్. అందులో పీటర్ బ్రూగెల్ 1565లో వేసిన ఒక బొమ్మ ఉంది. మంచులో వేటగాళ్ళు ఇంటిముఖం పట్టారు. మనకి వీపులే కనిపిస్తాయి. కుక్కలు తలలు వేలాడేసుకుని వెనక నడుస్తున్నాయి. ఎండిన చెట్ల మీద పక్షులు, కింద దూరంగా గడ్డకట్టిన చెరువుల మీద జారుతూ ఆడుకునే జనం. మీ పెద్దమ్మ దాని ముందున్న బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసింది. ‘ఇంతమంది ఇన్ని కుక్కలతో పోయి రోజంతా తిరిగితే దొరికింది ఆ ఒక్క నక్కేనా’ అంది. నేను అప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. నిజమే, ఒకడి భుజాన కర్రకి ఒక్క నక్క వేలాడుతోంది. అంతదాకా నాకది కనిపించనే లేదు. నాలుగు వందల యాభై ఏళ్ళ నాటి చలి ఆ గోడ మీద ఉంది, అదే చలి కిటికీ బయట ఉంది. ఒక రాత్రి మజిలీలో ఆ బెంచీ మీద కూర్చునే తీరిక దొరికేది కాదు. నువ్వు చిన్నోణ్ణి తీసుకెళ్ళు. పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లలకి అక్కడ టికెట్టు లేదు. వాణ్ణి కూడా ఆ నక్కని వెతకమను.

అందుకే మూడు ఊళ్ళంటున్నాను. 19 నుంచి 22 దాకా బుడాపెస్ట్, 22 నుంచి 27 దాకా వియన్నా, 27 నుంచి 31 దాకా ప్రాగ్. మూడు, అయిదు, నాలుగు రాత్రులు. ఈ వరసకి కారణముంది. నువ్వు ముచ్చటపడుతున్న క్రిస్మస్ సంతలు అన్ని ఊళ్ళలో ఒకేలా ఉండవు. జర్మనీలో చాలావరకు 23, 24 తేదీల్లోనే ఎత్తేస్తారు. 1434 నుంచి జరుగుతున్న డ్రెస్డెన్ సంత కూడా అంతే. వియన్నా నగరసభ ముందు జరిగేది 26 దాకా ఉంటుంది. ప్రాగ్‌లో జనవరి 6 దాకా. నీ పాత పట్టిక ప్రకారం క్రిస్మస్ అయ్యాక చేరే ఊళ్ళలో కొన్నిచోట్ల బల్లలు ఎత్తేస్తున్న మనుషులు కనిపించొచ్చు. ఆ సంతల్లో పిల్లలకి సారా కలపని వేడి పళ్ళరసం దొరుకుతుంది, కిండర్‌పున్ష్ అని అడుగు. కప్పుకి విడిగా డబ్బు కట్టించుకుంటారు, కప్పు తిరిగిచ్చేస్తే వెనక్కిస్తారు. పారిస్, రోమ్ ఎక్కడికీ పోవు. వాటికి వేరే ప్రయాణం పెట్టుకో, ఏప్రిల్‌లో వెళ్తే పగలూ పెద్దది, అత్తగారికి అంత చలీ ఉండదు.

విమానం టికెట్టు వెళ్ళేది బుడాపెస్ట్‌కి, వచ్చేది ప్రాగ్ నుంచి తీసుకో. ఒకే ఊరికి రానూపోనూ తీసుకుంటే మళ్ళీ మొదటి ఊరికి రావడానికే ఒక పగలు పోతుంది.

చీకట్లో ప్రయాణం, వెలుగులో ఊరు. రైళ్ళ విషయంలో ఈ ఒక్క మాట పట్టుకో. బుడాపెస్ట్ నుంచి వియన్నాకి రెండున్నర గంటల పైచిలుకు. కాబట్టి 22న పొద్దున గది ఖాళీ చేసి పెట్టెలు హోటల్లోనే ఉంచి, పగలంతా ఊరు తిరిగి, పొద్దుగుంకాక బండెక్కండి. వియన్నా నుంచి ప్రాగ్ నాలుగు గంటలు. దానికి తెల్లవారుజాము బండి పట్టుకుంటే పదకొండుకల్లా ప్రాగ్‌లో ఉంటారు, అయిదు గంటల వెలుగు మీది. మరో సంగతి. యూరప్ అంతటా రైళ్ళ టైమ్‌టేబుల్ డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి మారుతుంది. ఆ తర్వాతి తేదీల టికెట్లు ఒక్కోసారి ఆలస్యంగా అమ్మకానికి వస్తాయి. ఇప్పుడు కనబడలేదని కంగారుపడకు, వీసా చేతిలో ఉంటే మాత్రం కనబడ్డ రోజున ఆలస్యం చెయ్యకు. రోజులు గడిచేకొద్దీ ధర పెరుగుతుంది.

మనకి టికెట్టూ సీటూ ఒకటే. అక్కడ చాలా బళ్ళలో టికెట్టు వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రిజర్వేషన్ లేకపోయినా బండెక్కొచ్చు, కానీ పండగ ముందురోజుల్లో అత్తగారు నిలబడి రావాల్సొస్తుంది. నలుగురికీ కలిపి సీట్లు తీసుకో, ఆ కొద్ది యూరోల దగ్గర వెనకాడకు. బండి ఆగేది రెండు మూడు నిమిషాలే. ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, నీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు మీద చూసుకుని ముందే అక్కడ నిలబడండి. కూలీలుండరు. ఎవరి పెట్టె వాళ్ళే ఎత్తుకోగలిగేంత బరువుండాలి, చిన్నోడి వీపు సంచితో సహా. కొన్ని బళ్ళు మధ్యలో రెండుగా విడిపోయి రెండు ఊళ్ళకి పోతాయి, మన లింకు బోగీల్లాగా. ఎక్కిన బోగీ మీద ఊరి పేరు చదువు. ఆ పేర్లూ మనకి తెలిసినట్టుండవు. వియన్నా అక్కడ వీన్, ప్రాగ్ ప్రాహా. ఒక్కో ఊళ్ళో మూడు నాలుగు స్టేషన్లుంటాయి. మనకి సికింద్రాబాదు వేరు, నాంపల్లి వేరు, కాచిగూడ వేరు అయినట్టే. టికెట్టు మీద స్టేషను పేరు అక్షరం అక్షరం చూసుకో.

తొందరగా చీకటి పడడంలో ఒక మేలుంది. దీపాలు చూడ్డానికి పిల్లవాణ్ణి రాత్రి పదింటిదాకా మేలుకోబెట్టనక్కర్లేదు. బుడాపెస్ట్‌లో సాయంత్రం నాలుగున్నరకి డాన్యూబ్ నదికి ఇవతలి గట్టున, బుడా వైపు నిలబడి అవతల పార్లమెంటు భవనం చూడండి. దీపాలన్నీ వెలిగి నీళ్ళలో పడుతుంటాయి. నది వెంబడి వెళ్ళే రెండో నంబరు ట్రాము ఎక్కితే అత్తగారికి కూర్చున్నచోటే ఊరు కనిపిస్తుంది. చిన్నోణ్ణి ఒకటో నంబరు మెట్రో ఎక్కించు. 1896లో మొదలైంది, యూరప్ ప్రధాన భూభాగంలో భూమి కింద నడిచిన మొట్టమొదటి మెట్రో అదే. బోగీలు పసుప్పచ్చగా చిన్నవిగా బొమ్మ రైలులా ఉంటాయి. సెచెన్యీ స్నానశాలలో మంచు కురుస్తున్నా ఆరుబయట వేడి ఊట నీళ్ళలో కూర్చోవచ్చు, అత్తగారి మోకాళ్ళకి హాయి. పిల్లల వయసు మీద అక్కడ నియమాలున్నాయి, టికెట్టు కొనేముందు చూసుకో.

చిన్నోడు మంచు కోసమే వస్తున్నాడని రాశావు. వాడికి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచు. ఈ ఊళ్ళలో డిసెంబరంటే ఎక్కువగా మబ్బూ, సన్న వానా, తడి చలీ. వీధుల్లో మంచు పడితే అదృష్టం, పడుతుందని నమ్మి వెళ్ళకూడదు. మంచు కావాలంటే కొండెక్కాలి. వియన్నా రోజుల్లో ఒకటి జెమ్మెరింగ్‌కి పెట్టుకో. రైల్లో సుమారు గంటన్నర, కనుమ ఎత్తు వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ. అక్కడ కూడా ప్రకృతి దయే గానీ ఊళ్ళో కంటే చాలా మెరుగు. ఆ లైను గురించి నేను ఎంత రాసినా తనివి తీరదు. కార్ల్ ఫోన్ గేగా అనే ఇంజనీరు 1848లో మొదలుపెట్టి 1854కి పూర్తి చేశాడు. నలభై ఒక్క కిలోమీటర్లు, పదహారు పెద్ద వంతెనలు, కొన్ని రెండంతస్తులవి. మొదలుపెట్టేనాటికి ఆ ఎత్తు ఎక్కగల ఇంజనే లేదు. లైను వేస్తూనే 1851లో ఇంజన్లకి పోటీ పెట్టి, ఎక్కగలిగేవాటిని తయారు చేయించారు. 1998లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మన అరకు లైనులో కిటికీ దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్న పిల్లాడు వాడు. దీన్ని వదలడు.

వీసా దగ్గరికొద్దాం. వినాయక చవితి వెళ్ళి వారమైంది, ఇంకా ఆలస్యం చెయ్యొద్దు. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందు దాకా తీసుకుంటారు. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి నలభై అయిదు రోజులు పడుతుంది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటావో ఆ దేశానికే పెట్టాలి. పై పట్టిక ప్రకారం ఆస్ట్రియా. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళు నిండిన పిల్లలకి పన్నెండు దాకా సగం. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అత్తగారి బీపీ, షుగరు దాచకుండా రాయించు, రాయించకపోతే అవసరమొచ్చినప్పుడు ఆ బీమా కాగితం ఎందుకూ కొరగాదు. వీసా చేతికి రాకుండా డబ్బు వెనక్కి రాని టికెట్టూ, గదీ ఏదీ కొనకు. ఏజెంటు ఎవరైనా ఉత్తుత్తి హోటలు కాగితాలు పెడదామంటే ఒప్పుకోకు. రద్దు చేసుకునే వీలున్న నిజమైన గదులే బుక్ చెయ్యి.

వీసా వచ్చిందని అంతా అయిపోయినట్టు కాదు, ఇల్లలకగానే పండగ కాదు కదా. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో షెంగెన్ సరిహద్దులోనే ఫోటో తీసి, వేలిముద్రలు సరిచూస్తున్నారు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి వేలిముద్రలు లేవు. ఈ తతంగం మీరు మొదట దిగే షెంగెన్ విమానాశ్రయంలో జరుగుతుంది. అది బుడాపెస్ట్ అయినా, మధ్యలో విమానం మారే ఊరైనా. మధ్యలో మారేట్టయితే మూడు గంటల వ్యవధి లేని టికెట్టు తీసుకోవద్దు.

ఇక డిసెంబరు 24. మన దసరాకి, సంక్రాంతికి రాత్రిదాకా బజార్లు కళకళలాడతాయి. అక్కడ పండగంటే తలుపులేసుకుని ఇంట్లో ఉండడం. ఆస్ట్రియాలో 24 మధ్యాహ్నం మూసిన దుకాణాలు 27 పొద్దున గానీ తియ్యవు, ఆ రోజు ఆదివారమైతే ఇంకో రోజు. పాలు, రొట్టె, పళ్ళు, బియ్యం 23నే తెచ్చిపెట్టుకో. పెద్ద స్టేషన్లలో ఒకటీ అరా తెరిచి ఉంటాయి గానీ బారులు తీరి ఉంటారు. బుడాపెస్ట్‌లోనైతే 24 సాయంత్రానికి మెట్రో, చాలా ట్రాములు ఆగిపోయి రాత్రి సర్వీసులే మిగులుతాయి. వియన్నాలో బళ్ళు నడుస్తాయి, ఆ రోజు మిమ్మల్ని అక్కడ ఉండమన్నది అందుకే. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకో. లిఫ్టుందా అని రాతపూర్వకంగా అడుగు, పాత భవనాలు చాలావాటిలో ఉండదు.

మీ అమ్మ ఈపాటికి మూటలు కట్టడం మొదలుపెట్టి ఉంటుంది. తనకి కూడా చెప్పు. పాల పదార్థాలూ మాంసం బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. నెయ్యి, పాలకోవా వద్దు. కరివేపాకు, పచ్చిమిరపకాయలు కూడా వద్దు. కందిపొడి, వేయించిన రవ్వ, అటుకులు, చింతపండు, ఆవకాయ చాలు. ఆవకాయ సీసాకి మూత బిగించి, రెండు కవర్లు కట్టి, చెకిన్ పెట్టెలో పెట్టు. అక్కడ వెన్న శ్రేష్ఠంగా దొరుకుతుంది, అరగంటలో నెయ్యి కాచుకోవచ్చు. వేడన్నంలో కందిపొడి, ఆ నెయ్యి పడితే అత్తగారు మర్నాడు ఎంత దూరమైనా నడుస్తారు.

బట్టలు బరువైనవి ఒకటి రెండు కంటే పల్చటివి మూడు నాలుగు మేలు. ఒంటిని అంటి థర్మల్, దానిపైన ఉన్ని, పైన గాలీ నీళ్ళూ చొరని కోటు. బయట సున్నా దగ్గరుంటే లోపల మ్యూజియంలో, ట్రాములో ఇరవై దాటి ఉంటుంది. విప్పుకుంటూ వేసుకుంటూ ఉండాలి. నూలు బనీను చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, బయటికొచ్చాక అదే ఒణికిస్తుంది. అత్తగారు చీరే కడతానంటే బలవంతపెట్టకు. కింద ఉన్ని లెగ్గింగ్స్ వేసుకుని, కుచ్చిళ్ళు చీలమండకి పైకి ఉండేలా కట్టుకోమను, అంచు తడవకుండా. కొబ్బరినూనె గడ్డకట్టి సీసాలోంచి రాదు, పెదాలకీ చేతులకీ క్రీము కొను. మందులన్నీ చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో వద్దు. ఆపదొస్తే ఎక్కడైనా 112.

అన్నిటికంటే బూట్ల మీద ఖర్చు పెట్టు. నీళ్ళు చొరకూడదు, అడుగున లోతైన గాడులుండాలి, ఉన్ని మేజోడుతో వేసుకున్నా వేళ్ళు కదలాలి. దసరాకల్లా కొనేసి నలుగురూ రోజూ గంటసేపు వాటితో నడవండి. కొత్త బూట్లతో విమానం ఎక్కొద్దు. మీ పెద్దమ్మ ఆ రాళ్ళ మీద జారినప్పటి చప్పుడు నాకింకా గుర్తుంది.

అయిదు ఊళ్ళు కొట్టేశాక నీ పట్టికలో కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. వాటిని నింపకు. చిన్నోడికి కాళ్ళు నొప్పెట్టిన రోజుకి, వాన కురిసిన రోజుకి, ఎక్కడో ఒక వీధి నచ్చి అక్కడే ఉండిపోవాలనిపించిన పూటకి అవి కావాలి. అల్లుడుగారితో కూర్చుని మాట్లాడుకుని ఆదివారంలోగా కొత్త పట్టిక పంపు. ఈసారి ప్రతి ఊరి పక్కనా పొద్దు పొడిచే వేళ, గుంకే వేళ రాయి.

ప్రాగ్‌లో ఒక పొద్దున త్వరగా లేచి, జనం రాకముందే, ఎనిమిదికల్లా ఆ చార్లెస్ వంతెన మీదికి వెళ్ళు. వెలుగొచ్చాక నాకు వీడియో కాల్ చేసి ఆ ముప్ఫై విగ్రహాలూ ఒక్కొక్కటిగా చూపించు. ఇక్కడ పన్నెండున్నర అవుతుంది. మీ పెద్దమ్మ భోజనానికి కూర్చోకుండా ఎదురుచూస్తానంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న